మూడు మడతల పావడ

పాప కొలతలు ఫోన్లో చెబుతానంది మా అమ్మాయి. వద్దన్నాను. దారంతో కొలిచి, ముడులు వేసి, ఆ దారాన్నే కవర్లో పెట్టి పంపమన్నాను. చిన్నప్పుడు మా అమ్మ నా కొలతల్ని మేనత్తకు అలాగే పంపేది: మొదటి ముడి దాకా నడుము, అక్కణ్ణుంచి రెండో ముడి దాకా పొడవు. హిందూపురం నుంచి కవరు తెనాలికి వచ్చిన రోజున మావారు దారాన్ని బల్ల మీద పరిచి, ముడి మీద వేలు పెట్టి కదపకుండా చాలాసేపు కూర్చున్నారు. జీవితమంతా తపాలా శాఖలో ఊరివాళ్ళ ఉత్తరాలు పంచిన మనిషి. తన జానతో కొలిచి చూశారు. మనవరాలి నడుము రెండు జానల మీద రెండు వేళ్ళు.

పాప మొదటి పుట్టినరోజు ఎప్పుడు చేయాలన్న దాని మీద రెండు ఇళ్ళలోనూ కాస్త చర్చ జరిగింది. అమ్మాయి ఇంగ్లీషు తేదీ అంది. వియ్యపురాలు తిథి అంది. చాంద్రమాన సంవత్సరం 354 రోజులే కాబట్టి, మధ్యలో అధికమాసం రాకపోతే తిథి ప్రకారం పిల్లకు పదకొండు రోజుల ముందే ఏడాది నిండుతుంది. మాఘ శుద్ధ దశమినాడు దేవుడి దగ్గర, ఇంగ్లీషు తేదీన స్నేహితుల దగ్గర అని తేల్చుకున్నారు. మేము తిథికి బయల్దేరాం. పుట్టింటివారు తీసుకెళ్ళాల్సినవన్నీ సంచిలో సర్దుకున్నాను: వెండి మొలతాడు, కాళ్ళకు గజ్జెలు, గోంగూర పచ్చడి, సున్నుండలు. పట్టుపావడ మాత్రం కొనలేదు. అది దారిలో ధర్మవరంలో కొందామని దారం ముక్కను పర్సులో పెట్టుకున్నాను.

రాత్రి గుంటూరులో రైలెక్కితే నల్లమల చీకట్లోనే వెళ్ళిపోయింది. తెల్లవారేసరికి అనంతపురం దాటుతున్నాం. కృష్ణా కాలవల పక్కన పుట్టి పెరిగినవాళ్ళకు ఈ నేల మొదటిసారి చూసినప్పుడు గుండె పట్టేస్తుంది. ఏడాది మొత్తానికి 550 మిల్లీమీటర్ల చుట్టుపక్కల వాన, అదీ సరైన వేళకు పడితే. వేరుశనగ పీకేసిన చేలు, గుండ్రాళ్ళు పేర్చినట్టున్న గుట్టలు, నడుమ ఒంటరి చింతచెట్లు. మా అమ్మాయిని ఈ ఊళ్ళకు ఇచ్చేటప్పుడు నేను భయపడ్డాను. ఆ మాట వియ్యాలవారితో ఎన్నడూ అనలేదు గానీ, ఆ భయం తప్పని ఈ ప్రయాణం గురించి రాసేటప్పుడైనా చెప్పాలి.

ధర్మవరం చిత్రావతి ఒడ్డున ఉంది. స్టేషన్ బయట ఆటో ఎక్కితే దుకాణాల దగ్గరికే తీసుకెళ్తారు. మేము మాత్రం మా అల్లుడు చెప్పిన వీధికి వెళ్ళాం. వీధి మొదట్లోనే మగ్గాల చప్పుడు వినబడుతుంది. ఒక ఇంటి మగ్గం ఆగితే పక్కింటిది అందుకుంటుంది. మేము వెళ్ళిన ఇంట్లో ముందుగదంతా గుంటమగ్గమే. పెద్దాయన గుంటలో కాళ్ళు దించి కూర్చుని నేస్తున్నాడు. పైన జాకార్డు, దానికి వేలాడే చిల్లుల అట్టల దండ. ఒక్కో అట్ట పేకలో ఒక్కో వరసకు ఆజ్ఞ. గోడ వార ఆయన భార్య రాట్నం మీద కండెలు చుడుతోంది. దూలానికి కట్టిన చీర ఉయ్యాల్లో ఏడెనిమిది నెలల పిల్లాడు నిద్రపోతున్నాడు.

"ఇంత చప్పుడులో ఎట్లా పడుకుంటాడమ్మా?" అన్నాను.

"చప్పుడు నిలబడితేనే లేస్తాడు" అందామె. ఆయన మజ్జిగ తాగడానికి ఆగాడు. నిజంగానే పిల్లాడు కళ్ళు తెరిచాడు.

ధర్మవరం అంటే పెళ్ళిచీరలే తెలుసు చాలామందికి. వెడల్పాటి నిండు అంచు, దానికి ఎదురు రంగు కొంగు, వెలుతురుకు తిప్పితే రెండు రంగులు పలికే ఒళ్ళు. అంచుల్లో నేసే తీగలూ హంసలూ చాలామటుకు లేపాక్షి గుడి స్తంభాల మీద చెక్కినవే. అయితే ఈ ఊరి నేతకు ఇచ్చిన భౌగోళిక గుర్తింపు పత్రంలో చీరలతో పాటు పావడల పేరు కూడా రాసి ఉంటుంది. దేశంలో ఎన్నో చోట్ల పట్టు నేస్తారు. చిన్నపిల్లల బట్టను పేరుపెట్టి నమోదు చేసుకున్నారంటే ఆ ఊరి మీద నాకు ప్రేమ పుట్టింది.

"ఎన్నేండ్ల బిడ్డకు?" అన్నాడాయన.

ఏడాదన్నాను. నేను చేత్తో పట్టుకున్న జానెడంచు బట్టను నా చేతిలోంచి తీసి పక్కన పెట్టాడు. "ఏడాది బిడ్డకు పెద్దంచు వద్దు తల్లీ. జరీ బరువు, నడిచేటప్పుడు కాలికి అడ్డం పడుతుంది. తొడలు ఒరుసుకుంటాయి. లోపల మెత్తటి నూలుగుడ్డ వేయించు." రెండు వేళ్ళ అంచున్న బట్ట ఒకటి తీశాడు. మామిడిచిగురు రంగు ఒళ్ళు, కుంకుమరంగు అంచు. అంచు చివర్న సూదులు గుచ్చినట్టు సన్నని బెజ్జాలు వరసగా ఉన్నాయి. మగ్గం మీద బట్ట ముడుచుకుపోకుండా కర్రతో బిగించిపెట్టిన గుర్తులవి. పవర్‌లూమ్ బట్టకు ఇవి ఉండవని చెప్పాడు.

చీరతో కలిపి కొన్ని రకాల బట్టల్ని చేనేతకే కేటాయించేలా 1985లో కేంద్రం చట్టం చేసింది. నలభై ఏళ్ళు గడిచినా అదే డిజైను మరమగ్గం మీద దిగి సగం ధరకు అమ్ముడుపోతూనే ఉంది. ఈ ఊరి నేతగాళ్ళ అప్పుల గురించీ, ఆత్మహత్యల గురించీ పత్రికల్లో చదివినవన్నీ ఆ ముందుగదిలో గుర్తొచ్చాయి. బేరం ఆడటానికి నోరు రాలేదు. ఆడకూడదని కూడా నా నమ్మకం. రోజంతా గుంటలో కాళ్ళు పెట్టుకుని కూర్చున్నవాడి దగ్గర రెండొందలు మిగుల్చుకుని మనవరాలికి తొడిగితే అది దీవెన ఎట్లా అవుతుంది?

డబ్బిస్తుంటే ఆవిడ అడిగింది, పుట్టినరోజు ఎట్లా చేస్తారని. పాలల్లో నువ్వులూ బెల్లం కలిపి మార్కండేయుణ్ణి తలుచుకుని తాగిస్తామన్నాను. ఆమె మొహం విప్పారింది. "ఆయన మా పెద్దాయనే" అంది. వాళ్ళు పద్మశాలీలు. వాళ్ళ కులకథలో మార్కండేయుడి కొడుకు భావనారుషి. తామరతూళ్ళ నారతో దేవతలకు బట్ట నేసినవాడు. పదహారేళ్ళే ఆయుష్షని రాసిపెట్టిన పిల్లాడు మార్కండేయుడు. యముడి చేతినుంచి తప్పించుకుని చిరంజీవి అయ్యాడని ప్రతి పుట్టినరోజునా ఆయన పేరు చెబుతాం. ఇన్నేళ్ళుగా పిల్లలకు ఆ పాలు తాగిస్తున్నాను. ఆ పిల్లాడికి ఒక వంశం ఉందని, ఆ వంశం ఇప్పటికీ పిల్లల బట్టలు నేస్తోందని నాకు ఆ రోజు దాకా తోచలేదు.

పక్కవీధిలో దర్జీ మధ్యాహ్నానికి కుట్టిస్తానన్నాడు. దారం ముక్క ఇస్తే ఆశ్చర్యపోలేదు, ముడుల్ని టేపు మీద పెట్టి చదువుకున్నాడు. "మడతలెన్ని?" అని అడిగాడు. పట్టుపావడ కుట్టేటప్పుడు అంచుకు పైన లోపలివైపు మడతలు పెట్టి కుట్టేస్తారు. పిల్ల పొడుగైనప్పుడల్లా ఒక మడత విప్పితే పావడ కూడా పొడుగవుతుంది. నేను ఆలోచిస్తుండగా మావారు "మూడు" అన్నారు. దర్జీ మూడూ ఒక వెడల్పున పెట్టలేదు. కింది మడతకు ఎక్కువ గుడ్డ, పైవాటికి తక్కువ. మొదటి ఏడాది బిడ్డ జానకు పైగా పెరుగుతుంది, రెండో ఏడాది అందులో సగం, ఆ తర్వాత ఇంకా తగ్గుతుంది. పిల్లల డాక్టర్లు గీత గీసి చూపించే లెక్కను ఆయన గుడ్డలో చూపించాడు. "మిషను కుట్టు వేయను, చేత్తో పొడుగు కుట్లు వేస్తాను. చివర దారం వదిలిపెడతా. అది పట్టి లాగితే మొత్తం ఊడొస్తుంది, పట్టుకు గుర్తు పడదు" అన్నాడు.

పెనుకొండలో బస్సు దిగేసరికి పొద్దు వాలుతోంది. అల్లుడు షిఫ్టు దిగి వచ్చేదాకా టైముంది. కొండ ఎక్కే ఓపిక మాకు లేదు. గగన్ మహల్ దగ్గర కూర్చున్నాం. 1565లో రాక్షస తంగడి యుద్ధంలో రామరాయలు చనిపోయాక తమ్ముడు తిరుమలరాయలు హంపీ నుంచి ఏనుగుల మీద ధనాన్ని ఎక్కించుకుని వచ్చింది ఇక్కడికే. ఓడిపోయిన రాజ్యం ఈ కొండ కింద మళ్ళీ ఊపిరి పీల్చుకుంది. ఊళ్ళో 365 గుళ్ళు ఉండేవని చెబుతారు, రోజుకొకటి. జైనుల పార్శ్వనాథుడు, బాబయ్య స్వామి దర్గా, నరసింహస్వామి, అన్నీ ఈ ఒక్క ఊళ్ళోనే. ఆ గుళ్ళ మాట విని మావారు అన్నారు: "పిల్ల పుట్టినప్పట్నుంచీ రోజుకొక గుడికి మొక్కుకున్నా ఇవాళ్టికి సరిపోయేవి." ఏ దేవుడికీ గట్టిగా దండం పెట్టని మనిషి. నేను ఏమీ అనలేదు.

అల్లుడు కార్ల కంపెనీకి విడిభాగాలు చేసే చోట పనిచేస్తాడు. పెనుకొండ పక్కన ఎర్రమంచి దగ్గర కియా ఫ్యాక్టరీ కోసం 2017లో ఒప్పందం జరిగింది. 2019లో కార్లు బయటికి రావడం మొదలైంది. ఏడాదికి 3 లక్షల కార్లు చేయగల ఫ్యాక్టరీ. ఇప్పుడు జాతీయ రహదారి పక్కన హోటళ్ళ బోర్డుల మీద కొరియా అక్షరాలు కనబడతాయి. రాయలు నడిచిన దారి పక్కన గుండ్రంగా, గీతలుగా ఆ అక్షరాలు. కారు నడుపుతూ అల్లుడు ఒక సంగతి చెప్పాడు. వాళ్ళ కొరియా ఆఫీసరు ఒకాయన పాపకు ఏడాది నిండుతోందని వినగానే చాలా సంతోషపడ్డాడట. వాళ్ళకు మొదటి పుట్టినరోజు పెళ్ళంత పండుగట. పూర్వం పసిబిడ్డలు ఏడాది దాటి బతకడమే కష్టమయ్యేది కాబట్టి దాటితే ఊరంతా పిలిచేవాళ్ళట. పిల్ల ముందు బియ్యం, డబ్బు, కుంచె, దారపు కండె పెడతారు. దారం పట్టుకుంటే నూరేళ్ళ ఆయుష్షు.

"మన అన్నప్రాసనలాగే" అన్నాను.

"మనం దారం పెట్టం కదత్తయ్యా. ఈసారి పెడదాం" అన్నాడు.

హిందూపురం చేరేసరికి చలి. సముద్రమట్టానికి ఆరొందల మీటర్ల పైన ఉన్న ఊరు. తెనాలిలో ఫ్యాను వేసుకునే రోజుల్లో ఇక్కడ శాలువా కప్పుకోవాలి. గాలిలో చింతపండు వాసన. చింతపండుకీ బెల్లానికీ మిరపకాయలకీ పెద్ద సంత ఈ ఊరు. గుమ్మంలోనే వియ్యపురాలు ఎదురొచ్చింది.

"రాండి వదినా, ఎట్లుండారు? బిడ్డ ఇప్పుడే పండుకునింది. పొద్దున్నుంచీ అవ్వవ్వ అంటానే ఉంది, మీ కోసమే."

ఇక్కడ అవ్వంటే నాయనమ్మా, అమ్మమ్మా ఇద్దరూ. నోటికి సులువైన మాట. అమ్మమ్మ అనడానికి పిల్లకు ఇంకా ఆర్నెల్లు పట్టొచ్చు. అవ్వ అని ఆవిణ్ణే పిలుస్తోందని నాకు తెలుసు, ఆవిడకూ తెలుసు. రోజూ నూనె రాసి నీళ్ళు పోసేది ఆవిడే. అయినా ఆ పిలుపును నాతో పంచుకుంది. నాలుగేళ్ళ క్రితం నాలో ఉన్న భయానికి అంతకన్నా మంచి జవాబు ఎవరూ ఇవ్వలేరు.

పొద్దున లేచి చూసుకున్నాను పిల్లని. పదకొండో నెలలో కదిరి నరసింహస్వామికి పుట్టువెంట్రుకలు ఇచ్చారు కాబట్టి తలంతా వేలి గోరంత జుట్టు. కింద నాలుగు పళ్ళు, పైన రెండు. తాతయ్య మీసం చూసి ఒక్క క్షణం బిగుసుకుపోయింది, తర్వాత దాన్నే పట్టుకుంది.

పదిరోజుల ముందు పిల్లకు జ్వరం వచ్చిందని ఫోన్లో విని నేను రెండు రాత్రులు నిద్రపోలేదు. ఆ మాట వియ్యంకుడిగారితో అంటే ఆయన నన్ను ఇంటి వెనక షెడ్డులోకి తీసుకెళ్ళారు. ఊరిచుట్టూ మల్బరీ తోటలు. వీళ్ళూ ఎకరన్నరలో వేసి పట్టుపురుగులు పెంచుతారు. తట్టల్లో వేలకొద్దీ తెల్లటి పురుగులు ఆకు తింటున్నాయి. ఆ చప్పుడు అచ్చం వెదురాకుల మీద వాన పడ్డట్టు ఉంది. వాన తక్కువైన ఊళ్ళో ఆ చప్పుడు వింటూ చాలాసేపు నిలబడ్డాను.

"పురుగు పొర విడిచేటప్పుడు మేము జ్వరమంటాం చెల్లెమ్మా. ఆకు తినదు, కదలదు, తల పైకెత్తి అట్లే ఉంటుంది. నాలుగు జ్వరాలు రావాల. ఒక్కో జ్వరం తెల్లారినాక చూస్తే పెద్దదయి ఉంటుంది. మా అమ్మ పిల్లలకూ అదే చెప్తా ఉండె, జ్వరం తగ్గినాక బిడ్డకు కొత్త ఆట వస్తాదని."

నిజమే. జ్వరం తగ్గిన మూడో రోజున పాప గోడ పట్టుకోకుండా నిలబడిందట.

నాలుగో జ్వరం దాటిన పురుగును చంద్రికల మీదికి ఎక్కిస్తారు. వెదురుతో చక్రంలా అల్లిన పెద్ద చాప అది. రెండు మూడు రోజుల్లో పురుగు తన చుట్టూ తెగని దారం అల్లుకుంటుంది. ఒక్క గూటిలో ఇంచుమించు కిలోమీటరు పొడుగు దారం. హిందూపురం మార్కెట్లో వేలం పాడతారు, దారం తీస్తారు, మురి వేస్తారు, రంగు అద్దుతారు. ఈ చుట్టుపక్కల గూళ్ళ నుంచి తీసిన పట్టు ధర్మవరం మగ్గాలకు వెళ్తుంది. నేను ధర్మవరం నుంచి తెచ్చిన పావడ బహుశా పుట్టింటికే వచ్చింది.

దశమి ఉదయం పూజ ఇంట్లోనే. నువ్వులూ బెల్లం కలిపిన పాలు వెండి గిన్నెలో. పిల్ల సగం తాగి సగం ఉమ్మేసింది. మామిడిచిగురు పావడలో పిల్లను పీట మీద కూర్చోబెట్టారు. నూలుగుడ్డ లోపల ఉండబట్టి చిరాకు పడలేదు. ముందు పళ్ళెంలో పుస్తకం, నాణెం, బియ్యం, అల్లుడు పెట్టిన పట్టుదారపు కండె. అందరూ ఊపిరి బిగబట్టారు. పాప పళ్ళెం దాటి పాకి తాతయ్య కళ్ళద్దాలు లాక్కుంది. ఓళిగలూ, చిత్రాన్నం, వంకాయ కూర, నేను తెచ్చిన గోంగూరతో భోజనాలయ్యాయి. మా బొబ్బట్లకు వీళ్ళు ఓళిగలంటారు. నెయ్యి మాత్రం మాకన్నా ఎక్కువ పోస్తారు.

మర్నాడు అందరం లేపాక్షి వెళ్ళాం, పదిహేను కిలోమీటర్లు కూడా లేదు. వేలాడే స్తంభం కింద అందరూ గుడ్డ దూరుస్తున్నారు. నా కాళ్ళు మాత్రం నాగలింగం దగ్గర ఆగిపోయాయి. ఒకే బండలో చెక్కిన ఏడు పడగలు. కథేమిటంటే, శిల్పులు ఆకలితో ఉన్నారు. తల్లి వంట చేస్తోంది. వంటయ్యేలోగా ఊరికే ఉండడమెందుకని ఎదురుగా ఉన్న బండను పాముగా చెక్కేశారు. అన్నం తీసుకొచ్చిన తల్లి చూసి "ఎంత బాగా చేశారురా" అని ఆశ్చర్యపోయింది. అంతే, రాయి చీలింది. ఆ చీలిక ఇప్పటికీ కనబడుతుంది. శత్రువు కన్ను కాదు, తల్లి కన్ను. చీలిక మీద వేలు పెట్టినప్పుడు నాకు ఒళ్ళు జలదరించింది. పొద్దున్నుంచీ పిల్లని చూస్తూ ఎన్నిసార్లు ముచ్చటపడ్డానో లెక్కలేదు.

ఆ సాయంత్రం వియ్యపురాలు ఉప్పూ ఎండుమిరపకాయలూ గుప్పిట్లో పట్టుకుని పిల్లకు దిష్టి తీసింది. తీసి, "వదినా, నువ్వూ వచ్చి బిడ్డను ఎత్తుకో" అంది. నన్నూ కలిపి తిప్పింది. "బయటోళ్ళ కన్ను చిన్నది. అమ్మమ్మ కన్ను చాలా పెద్దది" అంది. మిరపకాయలు నిప్పుల్లో పడి కోరు లేవలేదు. దిష్టి ఉందనే గుర్తు. ఇద్దరం ఒకరినొకరు చూసుకున్నాం.

తిరుగు రైలు సాయంత్రం. పొద్దున సామాను సర్దుతుంటే అమ్మాయి పావడను మడిచి బీరువాలో పెట్టబోయింది. నేను దాన్ని మంచం మీద పరిచి, తిరగేసి, మూడు మడతలూ చూపించాను. కింది మడత చివర దర్జీ వదిలిన దారం కనబడకుండా లోపలికి దోపి ఉంది. దాన్ని వేలితో బయటికి తీశాను.

"వచ్చే మాఘానికి పొట్టిదవుతుంది. ఇదిగో, ఇది పట్టి లాగితే చాలు. కత్తెర పెట్టకు" అన్నాను.

అమ్మాయి ఆ దారం నా వేళ్ళలోంచి తీసుకుని, మళ్ళీ మడతలోపలికి దోపేసింది.

"నేను లాగను. నువ్వొచ్చి విప్పు" అంది.

మావారు గుమ్మంలో నిలబడి వింటున్నారు. కొత్త పంచాంగం ఉగాదికి గానీ రాదు. అయినా ఆయన గోడ మీది క్యాలెండరు దగ్గరికి వెళ్ళి కాగితాలు వెనక్కి తిప్పుతూ నిలబడ్డారు.